ఏమైందని అడిగిన లాయరమ్మ

లాయరు సరోజమ్మ గారు ఇక లేరు. ఈ నెల మొదటి మంగళవారం ఉదయం, కాడుగోడిలోని తమ ఇంట్లో, లేబర్ కోర్టుకు బయలుదేరబోతూ గుండెపోటుతో కన్నుమూశారు. ఆ కబురు నాకు, ఆమె ఆఫీసులో నాతోపాటు సాయం చేసే మునిరత్నం ఫోన్ చేసి చెప్పాడు. "అక్క పోయిందన్నా" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఇది కూడా అతనికే ముందు తెలిసిందని. ఆ ఆలోచనకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అయినా దాన్ని దాచిపెట్టి ఆమె గురించి నిజం రాయడం నా వల్ల కాదు.

అన్యాయంగా ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ల తరఫున సరోజమ్మ గారు ముప్ఫై ఏళ్లకు పైగా వాదించారు. కాడుగోడి స్టేషన్ రోడ్డులో, ఒక జిరాక్స్ షాపు పైన ఒకే గది ఆమె ఆఫీసు. హొసకోటె ఫ్యాక్టరీల కార్మికులు, మహదేవపుర టెక్ పార్కుల ఇంజినీర్లు అక్కడ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. మునిరత్నం విడిభాగాల ఫ్యాక్టరీలో పని పోయి వచ్చినవాడు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా కేసులు తేలిపోయినా ఇద్దరమూ ఆ గదిని వదల్లేదు. శనివారాలు వెళ్లి ఆమెకు సాయం చేసేవాళ్లం.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు నలభై ఒక్క అంశాల జాబితా పట్టుకెళ్లాను. తేదీలు, మెయిళ్లు, మీటింగులో ఎవరెవరున్నారో, గంటలోపు రాజీనామా టైప్ చెయ్యమని ఎవరన్నారో, అన్నీ వరుసగా పెట్టాను. ఆమె కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి బోర్లించారు. బల్ల మీదున్న కలం తీసి సంచిలో వేసుకున్నారు.

"ఇది చానా బాగుండాది సార్. తర్వాత చదువుతా. ముందు ఏమైందో చెప్పండి."

"అదే మేడం, అందులో అంతా ఉంది."

"అందులో మీ కంపెనీ ఉండాది. మీరు యాడుండారు?"

కొత్తగా ఎవరొచ్చినా ఆమె పద్ధతి ఇదే. మొదటి రోజు ఏమీ రాసుకునేవారు కాదు. "కలం కనిపిస్తే మనిషి సాక్షిలాగ మాట్లాడతాడప్పా" అనేవారు. ఇంకో మాట కూడా తరచూ చెప్పేవారు: "పని పోయినోడికి ఊరంతా సలహా ఇస్తాది. ఏమైందని మాత్రం ఎవురూ అడగరు." ఆ రోజు నేను ఎంతసేపు మాట్లాడానో గుర్తులేదు. గడియారం చూడకుండా నేను మాట్లాడిన సందర్భాలు నా జీవితంలో చాలా తక్కువ.

ఆమె నన్ను చివరిదాకా "సార్" అనీ "మీరు" అనీ పిలిచారు. మునిరత్నాన్ని మాత్రం "రేయ్ మునీ" అనేవారు. అతనికి అక్షరదోషాలు లేకుండా ఒక దరఖాస్తు రాయడం రాదు. ఫైళ్లు కలిపేసేవాడు. "రేయ్, నీ పెండ్లి కార్డు కూడా ఈ ఫైల్లోనే ఉంటాది, వెతుక్కో" అని తిట్టేవారు. ఆ తిట్టు నాకెందుకు రాదని ఎన్ని శనివారాలు అనుకున్నానో. ఫైళ్లకు రంగు చీటీలు అంటించింది నేను. వాయిదా తేదీలన్నీ ఒక పట్టికలో పెట్టి, రెండు రోజుల ముందు ఆమె ఫోన్ మోగేలా చేసింది నేను. ఆమె నాకు ప్రతిసారీ "థాంక్స్ సార్" చెప్పేవారు.

ఒకసారి కార్మిక శాఖ ఆఫీసులో రాజీ చర్చలు జరుగుతున్నాయి. కంపెనీ తరఫున ఒక యువకుడు వచ్చాడు. ఆ వారంలో ఎంతోమందిని ఇంటికి పంపిన హెచ్ఆర్ అధికారి. చర్చ మధ్యలో ఆమె అతన్ని "బాబూ, పొద్దున ఏమైనా తిన్నావా? మొగం వాడిపోయుండాది" అని అడిగారు. అవతలి లాయరు నవ్వాడు. కొన్ని నెలలకు ఆ యువకుడే మెట్లెక్కి మా గదికి వచ్చాడు. అతని ఉద్యోగం కూడా పోయింది. మునిరత్నం మొహం తిప్పుకున్నాడు. "వీడా అక్కా?" అన్నాడు. "వీడే. టీ తీసుకరాపో" అన్నారామె. ఆ రోజు అతని మాట రెండు గంటలు విన్నారు. నేను ఆ పక్కనే కూర్చుని వాయిదాల పట్టిక సరిచేస్తూ, వచ్చిన మొదటి రోజే "నువ్వు" అనిపించుకున్న ఆ హెచ్ఆర్ అధికారి మీద కూడా కుళ్లుకున్నాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. హొసకోటెలో ఒక బట్టల ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు ఆడవాళ్లను తీసేశారు. మిషన్ దగ్గర ఒక తోటి కార్మికురాలు స్పృహ తప్పితే, ఆమెను మోసుకుని గేటు దాకా వెళ్లారు. కుట్ర పన్ని పని ఆపించారని యాజమాన్యం ఆరోపణ. విచారణ కూడా జరపలేదు. ఆ ముగ్గురి సాక్ష్య పత్రాలు తయారుచేసే పని సరోజమ్మ గారు నాకిచ్చారు. అది నాకు పండగ. ముగ్గురితోనూ మాట్లాడాను. వాళ్లు తలా ఒక రకంగా చెప్పిందాన్ని వరుసలో పెట్టాను. ఎక్కడా పొల్లు లేదు. పని ఒత్తిడిలో ఆమె నా మీద నమ్మకంతో సంతకాలు చేయించి దాఖలు చేశారు.

కోర్టులో అవతలి లాయరు ఆ ముగ్గురిలో ఒకరైన రత్నమ్మను టైం గురించే అడిగాడు. "సరిగ్గా పదకొండూ ఇరవైకి అని రాశారు. మీకు వాచీ ఉందా?"

"లేదు సార్."

"ఫోన్?"

"ఫోన్లు గేటు కాడే పెట్టించుకుంటారు సార్."

"మరి టైం ఎట్లా తెలిసింది?"

రత్నమ్మ నా వైపు చూసింది. "ఆ సార్ రాసినారు" అంది. అతను మూడు పత్రాలూ పక్కపక్కన పెట్టి జడ్జికి చూపించాడు. మూడింట్లోనూ అవే వాక్యాలు. ముగ్గురు ఆడవాళ్ల ఉద్యోగం నా చక్కటి వాక్యాల కింద నలిగిపోవడం చూస్తూ కూర్చున్నాను. సరోజమ్మ గారు లేచి, "తప్పు నాది. నేనే రాయించినా. ఈళ్లు ముగ్గురూ తమ నోటితో చెప్పుకునేదానికి అవకాశం ఇప్పించండి" అని వేడుకున్నారు. చాలా వాదన తర్వాత జడ్జి ఒప్పుకున్నారు.

బయటికొచ్చాక తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. "రేయ్ మునీ, ఇంక కొత్తోళ్లు వస్తే నువ్వు కూర్చో" అన్నారు. నాతో, "మీరు కాగితాలు చూసుకోండి సార్" అన్నారు.

నెల తర్వాత ధైర్యం చేసి అడిగాను. "నేనెందుకు కూర్చోకూడదు మేడం?"

"మీకు జవాబు ముందే తెలిసిపోతాది సార్. మునికి తెలీదు. తెలీనోడు వింటాడు."

ఆ మాట నన్ను చాలా రోజులు నొప్పించింది. ఇప్పుడు కూడా నొప్పిస్తోంది.

ముగ్గురిలో ఇద్దరు ఆమె ఉండగానే కోర్టులో చెప్పుకున్నారు. రత్నమ్మ వంతు సరోజమ్మ గారు పోయిన ఏడో రోజున వచ్చింది. ఆమె తర్వాత కేసు తీసుకున్న, ఆమె స్నేహితుడైన లాయరు వాయిదా అడుగుతానన్నాడు. రత్నమ్మ ఒప్పుకోలేదు. "వద్దు సార్. లాయరమ్మకు చెప్పిండేదే చెప్తా. ఇంకా నాన్చితే నాకు గొంతు రాదు." బోనెక్కి చెప్పింది. స్పృహ తప్పిన ఆ మనిషిని ఎత్తుకున్నప్పుడు ఆమె చెప్పు ఒకటి జారిపోయిందట. మిగిలినవాళ్లు మోస్తుంటే రత్నమ్మ ఆ చెప్పు చేతిలో పట్టుకుని వెనకాల పరుగెత్తిందట. గేటు తియ్యమని వాచ్‌మన్‌ను ఆ చెప్పు చేతిలో ఉండగానే బతిమాలిందట. "కుట్ర చేసేదాన్నయితే చెప్పు ఏరుకుంటానా సార్?" అంది. టైమెంతని అవతలి లాయరు అడిగితే, "తెలీదు సార్. టీ బెల్లు కొట్టలేదు" అంది. అతను కాగితాలు మూసి కూర్చున్నాడు.

చెప్పు సంగతి నా పత్రంలో లేదు. నేను అడిగినప్పుడు రత్నమ్మ చెప్పలేదు. పక్కన మునిరత్నం కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఈ మాట నాకూ చెప్పలేదన్నా. అక్కకే చెప్పిండాది" అన్నాడు. అది విని నాకు సంతోషం కలిగింది. ఒక్క క్షణమే. మరుక్షణం, మా ఇద్దరిలో ఎవరమూ సరోజమ్మ గారికి దగ్గర కాలేదని తెలిసింది. మేము పోటీపడిన చోటు మాలో ఎవరిదీ కాదు, ఆమెతో చెప్పుకోవడానికి వచ్చినవాళ్లది.

తీర్పు ఇంకా రాలేదు. పోయిన శనివారం గది తెరిచాం. మహదేవపుర నుంచి ఒకతను వచ్చాడు. నాలుగు రోజుల క్రితం ఆఫీసు గేటు దగ్గర అతని కార్డు పనిచెయ్యలేదట. నేను కలం బయటికి తియ్యలేదు. మునిరత్నం, నేను కలిసి గంటసేపు విన్నాం. చివరికి అతను, "మేడం ఎప్పుడొస్తారు? మిగతాది ఆమెకు చెప్తాను" అన్నాడు.

మేడం పోయారని మునిరత్నం చెప్పాడు. అతను కాగితాలు మా చేతికిచ్చి, "అయితే ఇంతే సార్" అని మెట్లు దిగాడు. అతని కేసు, సరోజమ్మ గారి స్నేహితుడైన ఆ లాయరు ద్వారా మేము నడిపిస్తాం. ఆ మిగతాది వినగలిగిన మనిషికి నమస్కారం పెట్టడం తప్ప, దాని విషయంలో మేం చెయ్యగలిగింది లేదు.