బాపు చెప్పు తొడుక్కున్న కర్ర

మొన్న ఆదివారం మా పై అంతస్తు దామోదర్ గారు రెండు కర్రలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మంచు మీద జారే ఆట ఆడేవాళ్లు చేతుల్లో పట్టుకునే కర్రలవి. మనాలి యాత్రకు పోయినప్పుడు పాత సామాన్ల దుకాణంలో చవకగా దొరికాయని, పొద్దుటి నడకకు పనికొస్తాయని తెచ్చుకున్నారట. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే చంకల దాకా ఉన్నాయి. కోసి పొట్టి చేద్దాం, ఇనుము కోసే రంపం ఉందా అని అడిగారు. రంపం ఉంది. ముందు పైనున్న రబ్బరు పిడులు ఊడదీయాలి కాబట్టి నీళ్లు కాచి వాటి మీద పోశాం. వేడి తగలగానే ఆ రబ్బరులోంచి ఒక వాసన గుప్పున లేచింది. ఎండకు కాగిన టైరు చెప్పుల వాసన అది. "కింద ఈ గుండ్రటి బిళ్లలు ఎందుకండీ, నడకకు అడ్డం కదా, పీకేద్దామా?" అని ఆయన అడుగుతూనే ఉన్నారు. నేను అప్పటికే పాలకుర్తి పక్కన మా ఊరి పొలం ఒడ్డు మీద నిలబడి ఉన్నాను.

అది అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నడుస్తున్న వానాకాలం. బడులు మూతపడి, ఎండాకాలం సెలవులు ఎప్పుడు మొదలయ్యాయో ఎప్పుడు ముగిశాయో తెలియకుండా పోయిన ఏడు. పెద్దవాళ్లు చదువులు ఆగిపోతున్నాయని దిగులు పడుతుంటే మేం తొలకరికి బయటపడిన ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెల్లో దాచుకుంటూ, తొలి ఏకాదశికి దంచిన పేలపిండిని బెల్లంతో కలిపి జేబుల నిండా పోసుకుని, మాట్లాడబోతే నోట్లోంచి పొగలా ఎగిరే ఆ పిండికి పొరబోతూ నవ్వుకుంటూ, వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా వాకిట్లో చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆడుతూ రాజ్యమేలుతుండేవాళ్లం. హనుమకొండలో చదువుతున్న మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు, కూడా కాలేజీ మూతపడి ఇంటికొచ్చాడు. వచ్చిన రోజే పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాల నినాదం రాసి, ఆ తర్వాత ఏం చేయాలో తోచక మాతో పాటే చిర్రగోనెకు దిగాడు.

ఆ ఏడు మా ఇంటి దిగులు మరొకటి ఉంది. మా నాయినమ్మ కొట్టంలో జారిపడి మడమ బెణికించుకుంది. పసరుకట్టు కట్టించుకుని మంచం మీద కూర్చుని, పోకచెక్క నములుతూ, వచ్చిన వానకూ రాని వానకూ ఆకాశాన్ని తిడుతుండేది. నొప్పి తగ్గుతున్నా ఆధారం లేకుండా అడుగు పడేది కాదు. అవతల నారు ఎదిగి నాట్లకు వచ్చింది. మా ఇంట్లో మొదటి మడిలో మొదటి నారు కట్ట ఇంటికి పెద్దామె చేత్తోనే పడాలి, అదీ ఆమె ఇంటి నుంచి తన కాళ్ల మీద నడిచి వచ్చి వేయాలి. నడవలేని నాడు ఆ పని కోడలికి అప్పగించి ఇంటి దగ్గరే ఉండిపోవాలి. నాయినమ్మకు తన అత్త నుంచి అలాగే వచ్చింది. ఇప్పుడు మా అమ్మకు ఇచ్చేయాల్సి వస్తుందేమోనని ఆమె భయం. అమ్మకు ఆ ఆశే లేదు. "నాకెందుకత్తమ్మా, నువ్వే ఎయ్యి. నా చెయ్యి నీ చెయ్యంత చల్లనిది గాదు" అనేది. నాన్నను మేం బాపు అని పిలిచేవాళ్లం. ఆయన తన అవ్వకు, అంటే తల్లికి, మధ్యేమార్గం చెప్పాడు.

"బండి కడ్త అవ్వా. దర్జాగ కూసొని రా."

"పెండ్లిపిల్లనా బండిల ఊరేగెటందుకు? నడిచి రాకపోతే గా మడి నన్ను గుర్తువడ్తదా?"

అట్లా చేతికర్ర మాట వచ్చింది. మా మేనమామది టేకుమట్ల. కబురు అందగానే అటువైపు అడవి నుంచి లోపల బోలు లేని గట్టి వెదురు ఒకటి భుజాన వేసుకుని బస్సులు మారి వచ్చాడు. దాన్ని పొయ్యి మీది అటక కింద పొగకు వేలాడదీసి, ఆముదం రాసి, సన్నని మంట మీద తిప్పుతూ కాచి వంకర తీశారు. ఇల్లంతా మాడిన ఆముదం వాసన. అమ్మ చేసిన పచ్చిపులుసులో కూడా అదే వాసన వస్తుందని బాపు రెండు పూటలు సణిగాడు.

ఇక కోసే రోజు. మొదట బాపు తన మూరతో కొలిచి కోశాడు. తన మూర తల్లి మూర కంటే పెద్దదన్న సంగతి మరిచిపోయాడు. నాయినమ్మ ఆ కర్ర పట్టుకుని తలెత్తి దాని కొస వైపు చూసింది. "గిదేందిరా, గొర్లు కాయవోవాల్నా నేను?" అంది.

చిన్నబాపు చదువుకున్నవాడు కాబట్టి పద్ధతిగా చేద్దామన్నాడు. కొట్టం గోడకు ఆమెను ఆనించి, "జర సక్కగ నిలవడవే అవ్వా" అన్నాడు. చక్కగా అన్నాక ఆమె ఊరుకుంటుందా? ఫొటో దిగేదానిలా వెన్ను నిటారుగా చేసి, కొంగు సర్దుకుని, గడ్డం పైకెత్తి నిలబడింది. చిన్నబాపు తన నినాదం పక్కనే ఆమె నడుము ఎత్తున బొగ్గుతో గీత గీసి, ఆ కొలతకు కోశాడు. నాలుగడుగులు వేసేసరికి ఆమె కుడి భుజం చెవి దాకా లేచింది. నడిచేటప్పుడు ఆమె నడుము వంగుతుందని ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. ఆమెతో అనే ధైర్యం ఎవరికీ లేదు. "మనం సూస్తుంటే ఆమె వంగదు" అని అమ్మ వంటింట్లోంచి మెల్లగా అంది. మర్నాడు చిన్నబాపు వడ్ల గుమ్మి వెనక నక్కి, ఎవరూ లేరనుకుని ఆమె గోడ పట్టుకుని లేగదూడ దగ్గరికి పోతుంటే చెయ్యి ఎక్కడిదాకా వస్తుందో కళ్లతోనే కొలుచుకుని మూడోసారి కోశాడు. ఈసారి కుదిరింది.

కోసినప్పుడల్లా మిగిలిన ముక్కలు మావి. మొదటి పొడుగు ముక్క కొట్టే గోనె అయింది, రెండోది ఎగిరే చిర్ర, మూడోది దాని కంటే మంచి చిర్ర. నాయినమ్మ ఇంకోసారి వంక పెడితే బాగుండునని మా తమ్ముడు దేవుడికి మొక్కుకున్నాడు కూడా. కానీ ఆమె వంక పెట్టలేదు. గచ్చు మీద టక్కు టక్కుమంటూ ఇల్లంతా తిరిగింది. ఉట్టి మీది పాలు, డబ్బాలోని బెల్లం మళ్లీ ఆమె చూపు కిందికి వచ్చాయి. ఆ చప్పుడు వినబడితే మేం చేతిలోది నోట్లో కుక్కుకుని పరుగెత్తేవాళ్లం.

నాటు రోజు పసుపు కుంకుమల పళ్లెం అమ్మ చేతికిచ్చి నాయినమ్మ ముందు నడిచింది. ఊరి బాట బాగానే దాటింది. పొలం ఒడ్డు ఎక్కగానే కర్ర జానెడు లోతున దిగబడింది. రాత్రంతా కురిసిన వానకు ఒడ్డు వెన్నలా ఉంది. కర్ర ఆనిస్తే దిగబడుతుంది, పీకితే ఆమె వెనక్కి తూలుతుంది. గచ్చు మీద అంత సరిగ్గా కుదిరిన కర్ర బురదలో మోకాలి ఎత్తుకు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఒకరిని మించి ఒకరు కొలిచాం గానీ, ఆమె నడవాల్సింది గచ్చు మీద కాదని ఎవరికీ తట్టలేదు. అవతల నాటు వేసే ఆడవాళ్లు నారు కట్టలు పట్టుకుని, పాట ఎత్తకుండా ఇటే చూస్తున్నారు. నాయినమ్మ ఒడ్డు మీద కూలబడింది. బాపు వంగి, "నా ఈపు మీద ఎక్కవే అవ్వా" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. అమ్మ చేతిలోని పళ్లెం వైపు ఒకసారి చూసింది. అమ్మ తల దించుకుంది. ఇక అయిపోయిందనుకున్నాం.

"నీ చెప్పొకటి పట్కరా" అంది నాయినమ్మ ఉన్నట్టుండి.

బాపు టైరు చెప్పులు దూరంగా బావి గడ్డ మీద విడిచి ఉన్నాయి. నాటు పూట చెప్పులతో ఎవరూ ఒడ్డు ఎక్కరు, అది మా దగ్గర పట్టింపు.

"చెప్పా? నాటు పూట పొలంలకా?"

"నా కాళ్లకేసుకుంటున్ననా? కర్రకు గా పట్టింపు లేదు, తే."

చెప్పు తెచ్చాక దాని పట్టీల్లోకి కర్ర కొస దూర్చి, నారు కట్టలు కట్టే తాటినారతో గట్టిగా బిగించింది. లేచి ఆనించి చూసింది. చెప్పు బురద మీద చదునుగా నిలిచింది, కర్ర దిగబడలేదు.

"పెద్దవ్వా, ఒక్కటే చెప్పైతే ఎట్ల? రెండోది గూడ తొడుగు" అంది మడిలోంచి ఒకామె.

"దానికున్నది ఒక్కటే కాలు గదనే."

ఆ నవ్వులు ఇప్పటికీ వినబడతాయి. ఒడ్డు పొడవునా నాయినమ్మ చిన్న పాదాల ముద్రలు, వాటి పక్కనే ఒక వరుసలో పెద్ద చెప్పు ముద్రలు పడ్డాయి, ఎవరో ఒంటికాలి మనిషి ఆమెకు తోడు వచ్చినట్టు. మడి దగ్గర కర్రను ఒడ్డుకు ఆనించి, బురదలో దిగి, నడుము వంచి మొదటి కట్ట విప్పి నాటింది. పాట లేచింది. మడి నిండా ఆడవాళ్లు ఆమెలాగే వంగి ఉన్నారు. ఒడ్డు మీంచి చూస్తే వాళ్లలో మా నాయినమ్మ ఎవరో పోల్చుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రమే బాపు పాత లారీ టైరు నుంచి గుండ్రటి బిళ్ల కోసి కర్ర కొసకు మేకులతో కొట్టాడు, తన చెప్పు తను తిరిగి తీసుకోవడానికి. ఆ బిళ్ల అరిగినప్పుడల్లా కొత్తది పడుతూ వచ్చింది. నేను చదువు ముగించి పత్రికలో చేరి, ఎనభైల్లో సెలవుకు ఊరికి పోయినప్పుడు కూడా ఆమె ఆ కర్రతోనే నాటుకు ముందు నడిచింది. తర్వాత అది అమ్మ చేతికి వచ్చింది. ఇప్పుడు ఒడ్డు ఉన్న చోట సిమెంటు బాట పడింది. నాట్లు యంత్రం వేస్తున్నది, దానికి పాటతో పని లేదు. కొట్టం గోడ, దాని మీది నినాదం, పక్కనున్న బొగ్గు గీత అన్నీ కలిసే పోయాయి.

"బిళ్లలు పీకాలా వద్దా?" దామోదర్ గారు మూడోసారి అడిగారు.

"ఎక్కడ నడుస్తారో ముందు చెప్పండి" అన్నాను.

పార్కులో పరిచిన బండల మీద అన్నారు. అయితే వాటితో పని లేదని పీకేశాం. కొలత కోసం నిలబడమంటే ఆయన పొట్ట లోపలికి పీల్చి, ఛాతీ విరుచుకుని, సరిగ్గా ఫొటోలో నిలబడ్డట్టే నిలబడ్డారు. నవ్వు ఆపుకుని, ఒకసారి లిఫ్టు దాకా ఉత్త చేతులతో నడిచి రండి, నేను లోపల పని చూసుకుంటానని చెప్పి, తలుపు వెనక నిలబడి సందులోంచి చూశాను. మూడో అడుగుకే ఆయన నడుము హాయిగా వంగింది. రంపం ఎక్కడ పెట్టాలో తెలిసిపోయింది.

కోయగా మిగిలిన రెండు ముక్కలు వారం నుంచి మా బాల్కనీలో పడి ఉన్నాయి. ఒకటి గోనెకు సరిగ్గా సరిపోతుంది, రెండోది ఇంకాస్త కోస్తే చిర్ర అవుతుంది. మెట్ల మీద పిల్లల అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా తలుపు తీసి చూస్తున్నాను. ఇంకా ఎవరూ అడగలేదు.