దుప్పటి వెనక అభ్యర్థి

పొద్దున లేవగానే అత్తగారు ఒనాహోకి చేసే మొదటి పని దుప్పటి కట్టడం. పొయ్యికీ బల్లకీ మధ్య ఆ ఎర్ర దుప్పటి వేలాడితే తప్ప అల్లుడు గిబ్సన్ ఇమోతుబ్బి తిండికి లోపలికి రాడు. అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదు. కూతురు సిల్వీ పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఇది తప్పలేదు. అల్లుడి బూట్లు, టోపీ, దగ్గు ఆమెకు బాగా తెలుసు. ముఖం మాత్రం తెలియదు.

మా కియామీచీ నది ఒడ్డున ఓటంటే అందరిలో నిలబడి నోటితో పేరు చెప్పడమే. అది మగవాళ్ల పని. అయితే ఒనాహోకి ముగ్గురు తమ్ముళ్లూ అక్క చెప్పనిదే నోరు విప్పరు. గిబ్సన్ మా చొక్తా తెగ మండలికి రెండుసార్లు నిలబడి, ఆ మూడు ఓట్లు రాకే ఓడిపోయాడు. ఈసారీ ఓడితే వేరే మనిషిని చూసుకుంటామని అతని పార్టీ చెప్పేసింది. వాళ్లది గద్దల పార్టీ. రైలు రావాలి, బడులు రావాలి, పాత పద్ధతులు పోవాలి అంటారు. అవతలివాళ్లు రాబందులు. పాతది పుల్ల కూడా కదపకూడదంటారు.

ఓ ఉదయం సిల్వీ తల్లి దగ్గర మాట కదిపింది. భర్త పేరు ఆమె పలకదు.

“అమ్మా, ఈసారైనా మామయ్యలకి ఓ మాట చెప్పమంటున్నారు మా పిల్లల నాన్న.”

“ఇంట్లో అందరూ మంచోళ్లే. పదిమందిలో ఏం కూస్తాడో నా చెవుల్తో వినాలి. అప్పుడు చెప్తా.”

“అయితే సభకొచ్చి మైదానం పక్కనున్న చెట్ల వెనకాల కూర్చోమను మీ అమ్మని,” అన్నాడు గిబ్సన్ దుప్పటి అవతల నుంచి.

“ఆ మైదానం మా అమ్మమ్మ చదును చేసిన నేల. నా నేల మీద నేను దాక్కోవాలా? దాక్కుంటే వాణ్ణే దాక్కోమను,” అంది ఒనాహోకి, కూతురి వైపే చూస్తూ.

సభ రోజున ఇద్దరు తమ్ముళ్లు ఎర్ర దుప్పటి చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. ఒనాహోకి ముందు వరసలో కూర్చుంది. దుప్పటి వెనక నుంచి గిబ్సన్, పాత ఆచారాలకు కాలం చెల్లిందని గొంతు చించుకుని చెప్పాడు. గాలి వీచినప్పుడల్లా దుప్పటి అతని నోటికి అంటుకుపోయేది. జనానికి కనిపించింది బూట్లే.

తర్వాత రాబందుల అభ్యర్థి పీటర్ హోషాంబి లేచి, పూర్వీకుల మర్యాదలు నిలబెడతానన్నాడు. అతను పెళ్లికాని మనిషి. అందరికీ ముఖం చూపిస్తూ మాట్లాడాడు.

“వీడికి అత్తగారే లేదు. మర్యాద ఏం తెలుస్తుందిరా?” అన్నాడు వెనక కూర్చున్న రాబందుల ముసలాయన.

“మరి దుప్పట్లో ఆయన ఏమన్నాడు?” అని అడిగాడు పక్కనున్నవాడు.

“ఏమో, సరిగ్గా వినపడలేదు. పద్ధతి గల మనిషి.”

ఆ సాయంత్రానికి రాబందుల పెద్దలంతా గిబ్సన్ వైపు తిరిగారు. దుప్పటి చాటు మనిషి రైలేం తెస్తాడని గద్దలు సిగ్గుపడి, సగానికి సగం పీటర్ వైపు వెళ్లిపోయారు. ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పేసరికి రెండు వైపులా ఓట్లు సమానమయ్యాయి. ఇక మిగిలింది తమ్ముళ్లు ముగ్గురే.

వాళ్లు అక్క వైపు చూశారు.

“ఇంట్లో కూసిందే ఇక్కడా కూశాడు. నాకు ఒక్క ముక్క నచ్చలేదు. కానీ మాట మార్చలేదు. వేసేయండి,” అంది ఒనాహోకి.

గిబ్సన్ మూడు ఓట్ల తేడాతో గెలిచాడు.

అక్టోబరులో చొక్తాల రాజధాని టస్కహోమాలో మండలి కొలువుదీరిన మొదటి రోజే, పంది మాంసం వేసి వండిన మొక్కజొన్న కుండ పట్టుకుని ఒనాహోకి వచ్చింది. అల్లుడు వేళకు తింటున్నాడో లేదో ఆమెకు తెలియాలి. సభాధ్యక్షుడు చర్చ ఆపించి గిబ్సన్ కుర్చీ ముందు దుప్పటి కట్టించాడు. సంగతి ఊళ్లకు పాకింది. మర్నాడు మరో ఐదుగురు సభ్యుల అత్తగార్లు కుండలతో దిగారు. రైలు తీర్మానం చర్చకు వచ్చేసరికి సభలో ఆరు దుప్పట్లు వేలాడుతున్నాయి.