కొడవలి కింద మనిషి

బస్సెక్కితే నా నోరు ఊరుకోదు. గిద్దలూరు నుంచి మార్కాపురం వస్తుంటే, పక్క సీట్లో ఒక అమ్మాయి టాబ్ మీద బొమ్మ గీస్తోంది. వేటకొడవలి ఎత్తినవాడొకడు, కింద పడి చెయ్యి అడ్డం పెట్టినవాడొకడు.

ముంజేతి మీది మచ్చ చూపించాను. “నన్ను నలుగురు నరికినారు తల్లీ. ఎముక తేలినా గానీ ఇద్దరిని కింద పడేసినా.”

ఆమె నా చెయ్యి తిప్పి తిప్పి చూసి, బొమ్మలోని చేతికి అదే గాయం పెట్టింది. నెత్తురు మోచేతి దాకా కారినట్టు గీసింది.

“ఎవరి కథమ్మా?”

“మా నాయనది. ఊరి గొడవల్లో నరికినారు. వారం వారం నెట్లో బొమ్మల కథగా పెడతాండా. ఆఖర్న ఎట్లుండెనో చూసినోళ్లెవరూ చెప్పరు తాతా. కొడవలి కింద ఎట్లుంటాదో నువ్వొక్కడివే చెప్పినావు.”

చొక్కా చెయ్యి మచ్చ మీదికి లాక్కున్నాను. “అబద్ధం చెప్పినా తల్లీ. పలకలు కోసే మిషన్‌లో చెయ్యి పెట్టినా. నెత్తురు చూసి కళ్లు తిరిగి పడినా.”

ఆమె కోప్పడలేదు. “పడే ముందు ఏం చేసినావు?”

“మా అమ్మను పిలిచినా.”

ఆమె గాయాన్ని చెరిపేసింది. కొడవలిని ముట్టుకోలేదు. పళ్లు బిగించి ఉన్న తండ్రి ముఖాన్ని తుడిచి, నోరు తెరిచి అమ్మా అని అరుస్తున్నట్టు మళ్లీ గీసింది.