నిమ్మగడ్డి నూనె వాసన

మా ఆడబిడ్డ ఏదైనా ముక్కు దగ్గర పెట్టుకొని చూస్తేగాని నమ్మేది కాదు. మార్కాపురంలో పలకల పని చేస్తుంటే రాయి పడి పాదం తెగింది. షుగరు మనిషి కాబట్టి పుండు మానలేదు. డాక్టరు మాత్రలు రాసినాడు. "నిమ్మగడ్డి నూనె పూసుకుంటానంటే పూసుకో. అది మాత్రలకు సాయం చేస్తే చేస్తది, మాత్రల పని మాత్రం చెయ్యదు" అన్నాడు.

ఆమె మాత్రను వాసన చూసి, "వాసన లేనిది మందేంది వదినా?" అన్నది.

"మింగేదాన్ని మూచూస్తావేంది పిల్లా?" అన్నాను.

వేళకు వేసుకుంటున్నానని ఫోనులో చెప్పేది. శ్రావణం మూడో సోమవారం నేను కొమరోలు నుంచి పోయినాను. ఇల్లంతా నిమ్మగడ్డి వాసన. మాత్రల అట్ట విప్పనేలేదు.

"నాటుమందు వాడేటప్పుడు ఇంగ్లీషు మందు మింగితే రెండూ ఒంట్లో కొట్లాడుకుంటాయంట. పుండు కంపు పోయింది చూడు" అని సంతోషంగా కాలు చాపింది. కట్టు విప్పితే పాదం నల్లగా ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు మెల్లగా చెప్పినాడు. "నూనె కంపును కప్పిందమ్మా. లోపల విషం ఒంటికెక్కింది."

ఆమె నా కొంగు పట్టుకొని, "ఆ మాత్రలియ్యి వదినా, ఇప్పుడు మింగుతా" అన్నది.

వెంట తెచ్చిన అట్టలోంచి ఒకటి విప్పి నోట్లో వేసి నీళ్లు పట్టినాను. గుటక దిగలేదు, ఊపిరి ఆగిపోయింది.