ఉడకబెట్టిన గొంగడి

మొన్న జూబ్లీహిల్స్‌లో ఒక షాపు గోడకు తగిలించిన నల్ల గొంగడి చూసి ఆగిపోయాను. చెయ్యి వెయ్యబోతే అక్కడి అమ్మాయి, "ముట్టుకోవద్దు మేడమ్, చేత్తో వడికిన ఉన్ని, చాలా డెలికేట్" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గొంగడి డెలికేటట! వానకూ ఎండకూ ముళ్లకంపకూ ఓర్చుకునేది గొంగడి. పాపం, ఆ పిల్లదేం తప్పు? నా కోపం పాతది.

ఇప్పుడు ఫిల్మ్ నగర్ అంటున్న గుట్టల మీద ఒకప్పుడు మా గొర్రెలు మేసేవి. మా ఇల్లు షేక్‌పేటలో. గుట్టలకు కంచెలు పడి బంగళాలు లేచాక మేపుకునే జాగా లేక బాపు మందను అమ్మేసి, ఒక సినిమా కంపెనీ ఆఫీసులో వాచ్‌మన్‌గా చేరాడు. అమ్మే ముందు నాయనమ్మ పట్టుబట్టి ఆఖరిసారి బొచ్చు కత్తిరించి దాచింది, చిన్నాన్న పెళ్లి కోసం. మా కురుమ ఇళ్లల్లో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ గొంగడి మీదే కూర్చోవాలి. ఆ ఎండాకాలమంతా ఆమె గడపలో కూర్చుని, నల్లబొచ్చులో గొర్రెపిల్లల మెత్తని బొచ్చు కలిపి ఏకి, కదురు తిప్పేది. ఇల్లంతా గొర్రె వాసన, అన్నంలో వెంట్రుకలు. అమ్మ గొణిగితే, "గా గొర్రెనే గదనే మనల గిన్నేండ్లు సాకింది, జర ఓర్సుకో" అనేది. అంచుకు ఎర్రరంగు అద్దుదామని నేనంటే కసిరింది: "గొర్రె ఇచ్చిన రంగు సాలదా నీకు?" ఆమెకు వరసకు తమ్ముడయ్యే ఆయన మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టాడు. బాపు ఆ గొంగడి గురించి ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాడు.

అదే కొంప ముంచింది. పెళ్లి ఇంకా వారం ఉందనగా కంపెనీ కాస్ట్యూమ్స్ ఆయన ఇంటికొచ్చాడు. "ఒక్కపూటేనండీ. హీరోగారిది కాపరి వేషం. సాయంత్రానికి తెచ్చిచ్చేస్తాను" అన్నాడు. "పెండ్లిది, ఇయ్య" అంది నాయనమ్మ. "నౌకరీ పోతదే అమ్మా" అన్నాడు బాపు. ఇచ్చింది.

సాయంత్రం రాలేదు. మర్నాడు పేపర్లో చుట్టి తెచ్చాడు. నలుపు హీరోగారికి నప్పలేదట, తేనెరంగు కావాలన్నారట. మా గొర్రెలది పుట్టు నలుపు. అద్దిన రంగనుకున్నాడు మహానుభావుడు! పెద్ద డేగిసాలో సోడా వేసి, మరిగే నీళ్లలో కర్రతో కుమ్మాడట. నూలుబట్టకు చెల్లుతుంది గానీ ఉన్నికి చెల్లుతుందా? నలుపు చెక్కుచెదరలేదు. గొంగడి మాత్రం ముడుచుకుపోయి, చంటిపిల్ల పక్కంతైంది. "కాస్త కుంచించుకుందండీ, సాగదీస్తే వచ్చేస్తుంది" అన్నాడు, నవ్వుతూ. వాడి చేతులు పడిపోను! సాగదీయాలట! వాళ్లకేం, ఇంకొకటి తెచ్చుకుంటారు. మాకు గొర్రెలేవి?

నాయనమ్మ గల్లీ అంతా వినబడేట్టు తిట్టింది. "గొంగడిని ఉడకబెట్టిండు సచ్చినోడు! గదేమన్న బియ్యమా?" తిట్టీ తిట్టీ అలసిపోయాక పెట్టె తెరిచి, తన పెళ్లినాటి గొంగడి తీసింది. చచ్చిపోతే దానిలోనే చుట్టి తీసుకుపొమ్మని మాకెన్నోసార్లు చెప్పిన గొంగడి. చిన్నాన్న పెళ్లికి అదే పరిచారు. తాళి పడ్డాక బాపును పిలిచి, "పెండ్లిల కూసున్నంక ఇగ గది వాళ్లదే. నా పీనుగ మీద ఎయ్యొద్దు, వాళ్లకు మంచిది గాదు" అంది. పెళ్లిభోజనంలో ఆ కాస్ట్యూమ్స్ ఆయన మాంసం రెండోసారి వడ్డించుకోవడం నేను కళ్లారా చూశాను.

కొన్నేళ్లకు ఆమె పోయింది. పెట్టెలో ఆ ఉడికిన గొంగడే ఉంది. బాపు దాన్ని కప్పితే మోకాళ్ల దాకానే వచ్చింది. కాళ్ల మీదికి జరిపితే ఛాతీ బయటపడింది. అందరం చూస్తుండగానే, రెండంచులూ పట్టుకుని లాగుతూ, లాగుతూ ఏడ్చాడు. కాలం గడిస్తే కోపం తగ్గుతుందంటారు. ఇన్నేళ్లలో నాది వేలెడు కూడా తగ్గలేదు.