బొమ్మ ఎక్కడ పడింది?

భూమి తిరగడం ఆగిపోతే దేవుడు ముందుగా కబురు పెట్టేది మా తాతయ్యకే. ముప్పై ఏళ్లు సినిమాహాల్లో ప్రొజెక్టర్ నడిపిన మనిషి. ఏ యంత్రం మొరాయించినా చొక్కా చేతులు మడిచి, కళ్లజోడు నుదుటికెక్కించి, ముందు చెవి ఆనించి వింటాడు. తిట్టడం ఆ తర్వాతే. నిన్న సాయంత్రం మొరాయించింది ఆయన పాత ఆన్‌లైన్ పడవ పందేల ఆట. ఆరింటికి బావమరిదితో ఆఖరి పందెం. "రాకపోతే పారిపోయినట్టే బావా!" అని ఆ మహానుభావుడు పొద్దున్నే ఫోన్‌లో కవ్వించాడు. ఇంకా పావుగంటే ఉంది. ఆటను ఎన్నిసార్లు తెరిచినా కంప్యూటర్ తెర మీద ఏమీ కనిపించడం లేదు.

"ఆట చచ్చిపోయింది తాతయ్యా. అది నీకంటే ముసలిది," అన్నాను.

"నేను లేచి తిరుగుతున్నాగా, దానికేం రోగం?" అంటూ ఆయన స్పీకర్‌కు చెవి ఆనించాడు. లోపల సన్నగా అలల చప్పుడు. "శబ్దం వస్తోందంటే రీలు తిరుగుతున్నట్టే. బొమ్మే తెర తప్పి పక్కన పడుతోంది."

పక్కన ఏముంది? మొన్నటిదాకా కంప్యూటర్‌కు తగిలించిన రెండో తెర ఉన్నచోట బల్ల మీద దుమ్ములేని మచ్చ. ఆ తెర ఇంకా ఉందనుకుని ఆట అక్కడే తెరుచుకుంటోంది. తాతయ్య నాలుగు మీటలు నొక్కి దాన్ని ఇటు లాక్కొచ్చాడు. ఆరింటికి రెండు నిమిషాలుండగా పడవలు తెర నిండా బారులు తీరాయి.

"నీ ప్రతాపం రాసేస్తా తాతయ్యా!" అన్నాను.

ఆయన తల తిప్పలేదు. "రాయి. సినిమాలు చూడ్డానికి ఆ రెండో తెర ఎత్తుకుపోయింది నువ్వేనని కూడా రాయి."