కర్సర్ దానంతటదే కదిలిన మధ్యాహ్నం

నా పీహెచ్‌డీ సగంలో ఉండగా పాత ల్యాప్‌టాప్ చెడిపోయి కొత్తది కొన్నాను. పలచగా, చూడముచ్చటగా ఉండేది గానీ నా చేతులకు అసలు అలవాటు కాలేదు. టచ్‌ప్యాడ్ మరీ వెడల్పు. నొక్కడానికి బటన్లు లేవు, తాకితే చాలు. పాతదాంట్లో డిలీట్ ఉండే మూలన ఇందులో పవర్ బటన్ పెట్టారు. అక్షరం చెరపబోయి ఎన్నిసార్లు స్క్రీన్ ఆర్పేశానో.

నా పరిశోధన లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లోని ఆడవాళ్ల మీద. వాళ్లలో ఒకావిడ, భర్త కొడతాడన్న సంగతి నాతో చెప్పింది. తన పేరు ఎక్కడా రాకూడదంది. అతనికి తెలిస్తే బతకనివ్వడంది. ఒకరోజు మేం మాట్లాడుతుండగా అతను డ్యూటీ నుంచి ముందే వచ్చాడు. కుర్చీ మీదున్న నా ల్యాప్‌టాప్ తీసి, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం రాస్తున్నరు మేడమ్ గిన్ని దినాల సంది?" అని నవ్వాడు.

"నీళ్ల సమస్య గురించి సార్" అన్నాను.

ఆ వారంలోనే, క్యాంపస్‌లో మా డిపార్ట్‌మెంట్ గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఆవిడ మాటలు టైప్ చేస్తున్నాను. కర్సర్ ఉన్నట్టుండి పై పేరాలోకి ఎగిరింది. వెనక్కి తెచ్చాను. మళ్లీ ఎగిరింది. ఆవిడ చెయ్యి విరిగిన రోజు గురించి రాసిన పేరా మొత్తం నీలంగా మారి, కళ్లముందే మాయమైంది. చేతులు తీసేస్తే కదలిక లేదు. రాయబోతే మళ్లీ మొదలు.

ఆ రోజు అతను ఇందులో ఏదో పెట్టాడని, ఇప్పుడు ఎక్కడో కూర్చుని ఇదంతా చదువుతున్నాడని అనిపించింది. ఫైల్ చెరిపేద్దామని డిలీట్ కోసం వెతికితే వేలు పవర్ బటన్ మీద పడి స్క్రీన్ నల్లబడింది. అతనే ఆర్పేశాడనుకున్నాను. వెనకాముందు చూడకుండా ఆవిడకు ఫోన్ చేశాను. ఒకసారి మోగాక, ఫోన్ అతని చేతిలో ఉంటేనో అని తట్టి కట్ చేశాను.

ఆటో ఎక్కి తార్నాకలో స్నేహితురాలి గదికి వెళ్లాను. ఆమెదీ మా డిపార్ట్‌మెంటే. ల్యాప్‌టాప్ సంగతంతా విని, "ముందుగాల కూసో. నా ముంగట టైప్ చెయ్" అంది. నేను రాస్తుంటే స్క్రీన్ కాకుండా నా చేతులనే చూసింది.

"నీ అరచెయ్యి టచ్‌ప్యాడ్‌కు ఆనుతున్నదే. అది క్లిక్ అనుకుంటున్నది. గంతే."

"మరి పేరా ఎట్ల పోయింది?"

"సెలెక్ట్ అయినంక నువ్వే దాని మీద టైప్ చేసినవ్."

అన్‌డూ నొక్కుతూ పోతే పేరా తిరిగొచ్చింది. సెట్టింగ్స్ మార్చి, తన మౌస్ కూడా నా చేతిలో పెట్టింది. "ఇగ భయం పోయిందా?"

"ఆమెకు ఫోన్ చేసిన" అన్నాను.

ఆమె మొహంలో నవ్వు పోయింది. మళ్లీ చేసే ధైర్యం లేదు, మెసేజ్ పెట్టేందుకూ లేదు. ఇద్దరం ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాం.

మర్నాడు అతను డ్యూటీకి వెళ్లాక ఆవిడే చేసింది. "నిన్న ఫోన్ ఆయన చేతిలనే ఉండె మేడమ్. నా ఫోన్ల మీ పేరు పెట్టుకోలే కద, లోన్ ఇస్తమని చేస్తరు చూడు, గా కాల్ అనుకున్నడు."

"ఏమన్లేదు కద?"

"ఏమన్లే. మీ గొంతేంది అట్ల వణుకుతున్నది?"

ఏమీ లేదన్నాను. మళ్లీ ఎప్పుడొస్తారని అడిగింది. అతనికి పగటి షిఫ్ట్ పడ్డ రోజు చూసుకుని ల్యాప్‌టాప్ లేకుండా ఉత్త చేతులతో వెళ్లాను. ఆవిడ చెబుతున్నంతసేపూ ఒక చెవి గుమ్మం వైపే పెట్టి విన్నాను.